గున్నయ్య మెడ

ఉద్దానంలోని ఆ ఊళ్లో ఎవరికి బండి కావలసినా, కొబ్బరికాయలు వలిపించుకోవలసినా, పెళ్లిపందిరికి రాటలు మోయించుకోవలసినా గున్నయ్య దగ్గరికే వచ్చేవారు. అతను ఎవరినీ కాదనడని పేరు. నిజం చెప్పాలంటే గున్నయ్య అవుననేవాడూ కాదు. వచ్చినవాళ్లు అడగడం పూర్తిచేసేలోపల అతని మెడ కుడిపక్కకు ఒక్కసారి ఒరిగేది. మన వైపు మెడ పక్కకు ఒరిగిందంటే సరే అన్నట్టే కదా! "గున్నడు సరే అన్నాడు" అనుకుంటూ వాళ్లు సంతోషంగా వెళ్లిపోయేవారు. వెనక్కి పిలిచి, అది నేను కాదు, నా మెడ అని చెప్పుకోవడం కన్నా బండి కట్టడమే సులువని గున్నయ్యకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఒకసారి ఇలాగే ముగ్గురు అడిగితే మెడ మూడుసార్లు ఒరిగి, ఒక్కరోజులో నౌపడా స్టేషనుకు మూడు బళ్ల కాయలు తోలాడు. మూడోసారి కాడి ఎత్తుతుంటే ఎద్దులు అతని వైపు చూసిన చూపు చూడవలసిందే తప్ప చెప్పనలవి కాదు. నౌపడా మీదుగా పెద్ద రైలు నడవడం మొదలై పదిహేనేళ్లు దాటిన రోజులవి. మూలపేటకు కోసెడు దూరంలో, కొబ్బరితోటల మధ్య, ఇసుకదారుల కొసన ఉండేది వాళ్ల ఊరు. గున్నయ్యకు అప్పుడు ఇరవై రెండేళ్లు. పొడగరి, పనిమంతుడు, నోట్లో నాలుక లేనివాడు.

మెడ ఒక్కటే అయితే బాగుండేది. ఏడో ఏట మొదట ఎడమకన్ను పట్టుకుంది. అది ఊరికే టపటపా కొట్టుకునేది. ఆ పై ఏడు భుజం ఎగరడం మొదలైంది, ఆ తర్వాత మెడ. ఒక నెల మూడూ కలిసి వీరంగం వేసేవి, మరో నెల ఉన్నాయో లేవో తెలియనట్టు అణిగిపోయేవి. టెక్కలి సంతలో గాజులమ్మే ఆవిడ వైపు కన్ను కొట్టుకున్న రోజున ఆవిడ గాజుల మలారం కింద పెట్టి, కొంగు బిగించి, అతని ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టింది. తల్లి సన్యాసమ్మ పరుగున వచ్చి, "ఓలమ్మా, ఆడు కొట్టనేదే, అదే కొట్టుకుంటాది" అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి సన్యాసమ్మ అక్కరలేని గాజులు రెండు డజన్లు కొంటే గాని ఆవిడ చల్లారలేదు.

లోపల ఎలా ఉండేదో గున్నయ్య ముసలివాడయ్యాక, ఆ బాధ చాలావరకు తగ్గిపోయాక, అడిగినవాళ్లకు చెప్పేవాడు. నొప్పి కాదట. తుమ్ము ముక్కు కొస దాకా వచ్చి ఆగినట్టు మెడలో ఒకచోట ఏదో వచ్చి కూర్చునేదట. మెడ ఒక్కసారి ఒరిగితే అది లేచి పోయేది, కాసేపటికి మళ్లీ వచ్చేది. మెడ పిలిచింది అనేవాడు దాన్ని. పిలిచినప్పుడు పలకకపోతే ఇంకా గట్టిగా పిలిచేదట.

సన్యాసమ్మ చేయించని వైద్యం లేదు. దయ్యాలు దించేవాడు వచ్చి వేపమండలతో బాదాడు. నెల్లాళ్లకు మెడ నిమ్మళించింది. తన మంత్రమేనని అతను కోడిపుంజును పట్టుకుపోయాడు. మళ్లీ రెండు నెలలకు మెడ మామూలే. టెక్కలి వైద్యుడు ఏదో నల్లటి తైలం ఇచ్చాడు. అది రాస్తున్న రోజుల్లోనే కన్ను అణిగింది. తన తైలమేనని ఆయనా మీసం దువ్వాడు. మళ్లీ మామూలే. దానంతట అది వచ్చేదీ దానంతట అది పోయేదీ అయినప్పుడు మధ్యలో వచ్చిన ప్రతివాడికీ పేరు వస్తుంది. పుంజు మాత్రం తిరిగి రాలేదు.

ఇక అసలు చిక్కు మేనమామతో వచ్చింది. దానయ్య సన్యాసమ్మకు తమ్ముడు. గున్నయ్య తండ్రి పోయాక అక్కనూ మేనల్లుణ్ణీ పక్కింట్లోనే పెట్టుకుని సాకినవాడు. మాట గట్టిది, మనసు మెత్తనిది. అయితే మాట ముందు వచ్చి మనసు చాలా వెనక వచ్చేది. అతని కూతురు పైడితల్లి పుట్టిన రోజునే గున్నయ్యకని అనుకున్నారు. ఇప్పుడా పిల్లకు పద్దెనిమిది నిండాయి. ఊళ్లో ఆ ఈడు పిల్లలు బిడ్డల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. వీడి మెడ కుదుటపడనీ, చూద్దాం అంటూ దానయ్య ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాడు.

అతని భయానికి కారణం లేకపోలేదు. ఉద్దానంలో వేసవిలో కొబ్బరిమొక్క బతకాలంటే నుయ్యి మీద ఏతాం తొక్కాలి. నిలువు కొయ్య మీద అడ్డంగా పొడుగాటి మాను. ఒకడు ఆ మాను మీద ముందుకూ వెనక్కూ నడుస్తుంటే అది లేస్తూ వాలుతూ ఉంటుంది. దాని కొసకు వేలాడే గడను, గడ చివరి నీటిబానను రెండోవాడు నూతి గట్టున నిలబడి పట్టుకుని, ముంచి, కాలువలో కుమ్మరిస్తాడు. పైవాడి కాలు ఒక్కసారి తప్పితే పైవాడు పడతాడు, గడ ఎగిరి కిందవాడి పక్కటెముకలు విరుస్తుంది. దానయ్య వయసులో ఉండగా అలా విరిగిన మనిషిని తన భుజాల మీద మోసుకొచ్చాడు. మెడా భుజమూ ఎప్పుడు ఎగురుతాయో తెలియనివాణ్ణి ఆ మాను ఎక్కనిచ్చే ప్రసక్తి లేదన్నాడు. ఏతాం ఎక్కని మగవాడికి అక్కడ తోట నిలవదు. తోట నిలవనివాడికి పిల్లనెలా ఇస్తాడు?

పైగా దానయ్య దృష్టిలో అదొక అలవాటు. అతనికీ ఒక అలవాటు ఉండేది. మాట్లాడుతున్నా, ఆలోచిస్తున్నా, ఎవరి మీదనైనా కోపం వచ్చినా కుడిచెయ్యి దానంతట అది పైకి వెళ్లి మీసం కొన మెలివేసేది. "నా మీసం లాంటిదేరా నీ మెడ. మనసుంటే మానీలేవేటి?" అనేవాడు, మీసం మెలివేస్తూ.

ఆ ఏడు చైత్రంలో పలాస నుంచి ఒక సంబంధం వచ్చింది. పోలయ్య అనే ఆయన స్టేషను దగ్గర దుకాణం పెట్టి నిలదొక్కుకున్నాడు. పెద్దకొడుక్కి పైడితల్లిని అడగడానికి లక్ష్మివారం వస్తానని కబురు పెట్టాడు. ఆ మాట విన్న పూట గున్నయ్య అన్నం ముందు కూర్చుని లేచాడు. పైడితల్లి అంటే అతనికి ఎంత ప్రాణమో ఎవరికీ చెప్పుకోలేదు. మెడ అందరికీ అన్నీ ఒప్పుకునేది గాని, నోరు మాత్రం కావలసినది ఒక్కటీ అడిగేది కాదు.

మేనల్లుడి మొహం చూసి దానయ్యకు జాలి వేసింది. ఆదివారం నాడు తన అరుగు మీద ఊరి పెద్దలు కూడి కాలువ పూడిక సంగతి మాట్లాడుకోబోతున్నారు. గున్నయ్యను పక్కకు పిలిచి చెప్పాడు.

"ఒరే గున్నా, రేపు నా పక్కన కూసో. ఆళ్లు లేచీదాకా నీ మెడ కదపకు, భుజం ఎగరెయ్యకు. అలగున్నావంటే పోలయ్యని రావొద్దని కబురెట్టీస్తాను. పైడితల్లి నీదే."

గున్నయ్య కూర్చున్నాడు. పెద్దలు ఆరుగురు. కాలువ పూడిక మీద అంత మాట్లాడటానికి ఏముంటుందో గాని, ఎండ అరుగు ఎక్కే దాకా మాట్లాడారు. మెడ పిలిచింది. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. పళ్లు బిగించాడు, కాలి బొటనవేలు నేలకు తొక్కిపెట్టాడు, వాకిట్లో కోళ్లు లెక్కపెట్టాడు. చెమట వీపు మీద కాలువ కట్టింది. ఆ నీళ్లకు పూడిక లేదు. చివరికి పెద్దలు లేచి చెప్పులు తొడుక్కున్నారు. గున్నయ్య ఒక్క ఉదుటున లేచి గడ్డివాము వెనక్కి పరిగెత్తాడు.

దానయ్య ఆనందానికి అంతు లేదు. మేనల్లుణ్ణి కౌగలించుకుందామని వెతుక్కుంటూ గడ్డివాము వెనక్కి వెళ్లాడు. అక్కడ గున్నయ్య మెడ ఆగకుండా ఒరుగుతోంది, భుజం ఎగురుతోంది, కన్ను కొట్టుకుంటోంది. పొద్దుటి నుంచీ ఆపినదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. దానయ్య నిలబడిపోయాడు. మొహం ఎర్రబడింది.

"అంటే ఆపగలవన్నమాట! ఇంతసేపు ఆపినోడివి, ఇప్పుడెందుకు ఆపనేవు? ఇన్నేళ్లూ నీకు సేతకాదనుకుని జాలిపడ్డాను. కావాలనే సేత్తన్నావు కదరా! మీ అమ్మని ఏడిపించి, నన్ను నవ్వులపాలు సేసి..."

"ఆపినాను మావా, పోనేదు. లోపలే ఉండిపోనాది" అన్నాడు గున్నయ్య. అంతకన్నా ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. పందెం గెలిచి, ఆ గెలుపుతోనే ఓడిపోయినవాణ్ణి అతన్నొక్కణ్ణే ఎరుగుదును నేను. లక్ష్మివారం పోలయ్య రావచ్చునని దానయ్య తేల్చేశాడు.

పైడితల్లి ఇదంతా వంటింటి గుమ్మంలోంచి విన్నది. ఏడవలేదు. ఆ పిల్లకు ఏడుపు కన్నా కోపం ముందు వచ్చేది, కోపం కన్నా ముందు ఉపాయం వచ్చేది.

మర్నాడు ఉదయం గున్నయ్య మేనమామ పెరట్లోనే కాయలు వలుస్తున్నాడు. అది వారం ముందే ఒప్పుకున్న పని, అంటే మెడ ఒప్పుకున్న పని. నేలలో నిలువునా పాతిన గునపం మొన మీద కాయను దిగ్గొట్టి, రెండు చేతులతో మెలితిప్పి పీచు ఊడదీయాలి. దానయ్య ఎదురుగా నులకమంచం మీద, అలిగినవాడిలా అటు తిరిగి కూర్చున్నాడు. మీసం మెలితిరుగుతూనే ఉంది. పైడితల్లి ఒక కాయ తెచ్చి తండ్రి కుడిచేతిలో పెట్టింది.

"అయ్యా, నాను ఈ పెరడు తుడిసీదాకా ఇది కింద ఎట్టకు."

"ఎందుకే?"

"పట్టుకో, సెప్తాను."

పట్టుకున్నాడు. ఆమె సగం పెరడు తుడిచేసరికి దానయ్య ఎడమచెయ్యి మెల్లిగా లేచి రెండోవైపు మీసం అందుకుంది. "అయ్యా, సెయ్యి!" అంది. ఉలిక్కిపడి దించేసి, తనే నవ్వాడు. మళ్లీ ఎత్తలేదు. పెరడంతా తుడవడం అయ్యాక కూతురు అడిగింది.

"మీసం ముట్టనందుకు లోపలేటైనా కట్టమయినాదా?"

"కట్టమేటి? నువ్వు గుర్తు సేసినావు, మానీసినాను."

"అది అలవాటంటే. ఇప్పుడు ఇంకోటి. కంటి రెప్ప కొట్టకుండా కూసో. బావ నలభై కాయలు వలిసీదాకా."

"అదేపాటి" అని దానయ్య కళ్లు పెద్దవి చేసి కూర్చున్నాడు. పైడితల్లి కాయలు పైకి లెక్కపెట్టింది. ఐదు దాకా దర్జాగా ఉన్నాడు. ఎనిమిదికి కళ్లు ఎర్రబడ్డాయి. పదికి నీళ్లు కారాయి. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకున్నాడు, పెదవి కొరికాడు. పన్నెండో కాయ ఊడేసరికి రెప్పలు టపటపా టపటపా పదిసార్లు కొట్టుకున్నాయి.

"కావాలనే కొట్టినావేటి?" అంది కూతురు.

"నానెక్కడ కొట్టినానే! అదే..." అని దానయ్య ఆగిపోయాడు.

"పన్నెండు కాయల దాకా ఆపినావు గదా. ఆపగలిగినోడివి ఆ తరవాత ఎందుకు ఆపనేదు?"

నిన్న తనన్న మాట తనకే వచ్చి తగిలింది. దానయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది రెప్పలు మండినందుకో మరెందుకో నేను చెప్పను. తర్వాత మేనల్లుడి వైపు పరీక్షగా చూశాడు. గున్నయ్య పని ఆపలేదు. గునపం మొనకు బెత్తెడు దూరంలో చేతులు ఆడుతున్నాయి, పన్నెండు కాయల సేపూ మెడ నిలువుగా ఉంది.

"ఏరా గున్నా, ఆ గునపం కాడ నీకు రాదేటి?"

"పనిలో పడితే అంతగా పిలవదు మావా. పిలిసినా ముందే తెలుత్తాది. సెయ్యి తీసీసి, కానిచ్చి, మళ్లీ పట్టుకుంతాను."

"ముందే తెలుత్తాదా?"

"తెలుత్తాది."

"మరి ఇన్నేళ్లూ సెప్పనేదేంరా?"

"నువ్వు మానమన్నావు గానీ ఎలగుంతాదని అడగనేదు మావా" అన్నాడు గున్నయ్య. కోపంగా కాదు, ఉన్నమాటగా. దానయ్యకు అది చెంపపెట్టు కన్నా గట్టిగా తగిలింది.

రెండు రోజులు గడిచాయి. లక్ష్మివారం పొద్దున్నే దానయ్య పక్కింటి గుమ్మంలో నిలబడి, "గున్నా, రా. ఏతాం ఎక్కుదువు గాని. కింద నానుంతాను" అన్నాడు. సన్యాసమ్మ చేతిలో చేట కింద పడింది.

"ఒరే తమ్ముడా, నీకు మతిపోనాదేటి? ఆడు పడితే ఆడూ పోతాడు, నువ్వూ పోతావు!"

"ఆడికి తెలుసప్పా. ముందే తెలుత్తాదట" అని దానయ్య నడిచాడు.

గున్నయ్య మాను ఎక్కాడు. చిన్నప్పటి నుంచీ కింద నిలబడి చూసిన అడుగులే, కాళ్లకు వాటంతట అవే వచ్చాయి. నాలుగు అడుగులు ముందుకు, నాలుగు వెనక్కి. గడ దిగింది, బాన మునిగింది, లేచింది, నీళ్లు కాలువలో పడ్డాయి. పదో బానకు దానయ్య ఊపిరి సర్దుకుంది. ముప్పైకి కూనిరాగం అందుకున్నాడు. గున్నయ్యకు పైనుంచి తోట కొసదాకా కనిపించింది, చిన్న కొబ్బరిమొక్కల పాదుల్లోకి ఒకదాని తర్వాత ఒకటిగా నీళ్లు చేరుతున్నాయి. తను పారిస్తున్న నీళ్లు. అతనికి గట్టిగా అరవాలనిపించేంత సంతోషం వేసింది.

యాభై దాటాక మెడ పిలిచింది.

"మావా, పట్టు!"

దానయ్య రెండు చేతులతో గడను ఒడిసిపట్టి, కాలు దన్ను పెట్టి నిలబడ్డాడు. గున్నయ్య మాను నడుమకు వచ్చి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, మానును వాటేసుకున్నాడు. మెడ ఒరిగింది, ఒరిగింది, మళ్లీ ఒరిగింది. భుజం రెండుసార్లు ఎగిరింది.

"బేగి అవ్వాలని నేదురా, కానియ్యి" అన్నాడు కిందనుంచి దానయ్య.

"అయిపోనాది మావా."

"అయితే తొక్కు."

వందో బాన దగ్గర ఇంకోసారి ఆగారు. ఈసారి దానయ్య గడ పట్టుకునే, పైకి చూడకుండా, వచ్చే వారం ఏ వరస తడపాలో మాట్లాడుతూ నిలబడ్డాడు.

ఎండెక్కే వేళకు పోలయ్య వచ్చాడు. నౌపడాలో రైలు దిగి, బండి కట్టించుకుని, తెల్ల పంచె, భుజాన జరీకండువా, చేతిలో గొడుగుతో వచ్చాడు. ఇంటి దగ్గర మగవాళ్లు లేరంటే తోటలోకే నడిచాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి, "మావా, పట్టు!" వినిపించింది. పోలయ్య గొడుగు మూయడం మరిచి చూశాడు. మాను మీద ఒక మనిషి కూర్చుని మెడ ఎగరేస్తున్నాడు, కన్ను కొడుతున్నాడు. నడుము దాకా తడిసిన దానయ్య గడ పట్టుకుని, తీరిగ్గా నిలబడి ఉన్నాడు. ఏతాం ఇంకా కదలలేదు.

"ఆడేనా మీ మేనల్లుడు? దారిలో ఎవరో సెప్పేరు" అన్నాడు పోలయ్య గొంతు తగ్గించి. "ఆ రోగం ఉన్నోడికి పిల్లనియ్యలేకే కాదేటి నన్ను రమ్మన్నారు?"

మాను మీద గున్నయ్యకు ఆ మాట వినబడింది. కిందికి చూడటానికి ధైర్యం చాలలేదు. కాలువ అవతల మొక్కల దగ్గర పార పట్టుకున్న పైడితల్లి కూడా కదలకుండా నిలబడింది.

దానయ్య గడ వదలలేదు.

"రమ్మన్నమాట నిజమే. తప్పు నాది, క్షమించండి" అన్నాడు. "అది రోగమో కాదో నాకు తెలీదు బాబూ. పొగరు కాదని మాత్రం తెలిసింది. అది ఆడు సేత్తన్నది కాదు, ఆడికి వత్తన్నది. వచ్చేముందు ఆడు నాకు సెప్తాడు, నాను పట్టుకుంతాను. పొద్దుట్నించి నా పానం ఆడి కాళ్లకిందే ఉన్నాది. నా పానం అప్పగించినోడికి నా పిల్లని ఇయ్యలేనేటి? మీరు నీడకు ఎల్లి కూసోండి, మా అప్ప మజ్జిగిత్తాది."

అని పైకి తిరిగాడు.

"ఏరా అల్లుడా, అయిపోనాదా? ఇంకా నలభై బానలున్నాయి. తొక్కు."